లండన్‌లో గ్రహాల అంకెల చదరాల క్లాసుకి వెళ్ళొచ్చాను

ఉత్తర లండన్‌లో ఒక కమ్యూనిటీ హాలు మేడమీద గదిలో, డిసెంబరు మొదటి శనివారం పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా జరిగిన క్లాసు ఇది. ఫీజు 70 పౌండ్లు. టీ, బిస్కట్లు, కాగితాలు వాళ్ళవే. మధ్యాహ్నం భోజనం మనమే తెచ్చుకోవాలి. గ్రహాలకు చెప్పిన అంకెల చదరాల మీద ఒక పేరునో కోరికనో గీతగా గీసి ముద్ర తయారు చెయ్యడం అక్కడ నేర్పుతారు. ఇంగ్లీషులో దాన్ని సిగిల్ అంటారు. లాటిన్‌లో ముద్ర అనే మాట నుంచే వచ్చింది. క్లాసు నాకు బాగా నచ్చింది. కానీ ఒక పెద్ద ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి నిర్వాహకుల పేరు రాయడం లేదు.

నేను రెడింగ్‌లో ఉంటాను. అకౌంట్స్ పని చేస్తాను. మాది పాలకొల్లు. మా తాతగారు, అంటే అమ్మ నాన్నగారు, అడిగినవాళ్ళకి యంత్రాలు రాసి ఇచ్చేవారు. రాగిరేకుని పీట మీద పరిచి, గంటంతో ముందు గడులు గీసి, తరవాత అంకెలు వేసేవారు. నేను పక్కనే కూర్చుని చూసేదాన్ని. ఆయన అంకెల్ని పైవరస నుంచి వరసగా రాసుకుంటూ వచ్చేవారు కాదు. ఒక అంకె కింద మూలలో, తరవాతది పైన మధ్యలో, ఆ తరవాతది ఇంకెక్కడో. ‘అదేంటి తాతగారూ, అలా గెంతుతున్నారు?’ అని అడిగితే, ‘ఒకటి తరవాత రెండే గదమ్మా రాయాలి’ అనేవారు. అప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు పధ్నాలుగేళ్ళప్పుడు ఆయన పోయారు. ఆ విద్య ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు. అందుకే ఈ క్లాసు సంగతి తెలిసిన రోజే డబ్బు కట్టేశాను.

మొత్తం 11 మందిమి. నేర్పిన ఆవిడకి అరవై దాటి ఉంటాయి. చాలాకాలం స్కూల్లో లెక్కలు చెప్పారట. ఆ సంగతి మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. ముందుగా అచ్చుకాగితాలు ఏవీ ఇవ్వలేదు. ఒక్కొక్కరికి ఒక గళ్ళ కాగితం, పెన్సిలు, రబ్బరు ఇచ్చి, ‘చదరం మీరే కట్టండి’ అన్నారు. ఫోన్లు బయటికి తియ్యొద్దన్నారు. ఇలాంటి క్లాసులు రెండు మూడు ఆన్‌లైన్‌లో చూశాను. అన్నిట్లోనూ చదరాన్ని తయారుగా చూపించి, ‘ఇదిగో, దీని మీద గీత గియ్యండి’ అంటారు. ఆ అంకెలు అక్కడికి ఎలా వచ్చాయో చెప్పరు. ఇక్కడ పొద్దుటి రెండు గంటలూ ఆ పని మీదే గడిచాయి. నా దృష్టిలో 70 పౌండ్లలో సగం ఆ రెండు గంటలకే చెల్లిపోయింది.

పద్ధతి చెబుతాను, ఇంట్లో మీరూ చేసి చూడొచ్చు. మూడు వరసలు, మూడు నిలువులు, మొత్తం 9 గడులు గియ్యండి. మధ్యగడికి సరిగ్గా కింద ఉన్న గడిలో 1 వెయ్యండి. అక్కడి నుంచి ఐమూలగా కుడివైపు కిందికి దిగాలి. కింది అంచు దాటితే ఆ నిలువులోనే పైకి వెళ్ళాలి. కుడి అంచు దాటితే ఆ వరసలోనే ఎడమ చివరికి రావాలి. అలా 2 పైవరస కుడిమూలకి వెళ్తుంది, 3 మధ్యవరస ఎడమ గడికి వస్తుంది. 4 వెయ్యాల్సిన గడిలో అప్పటికే 1 ఉంది. అలా అడ్డొచ్చినప్పుడు ఉన్నచోటు నుంచి తిన్నగా రెండు గడులు దిగాలి. దిగితే కింది అంచు దాటి పైన ఎడమమూలకి చేరతాం. అది 4. అక్కడి నుంచి 5, 6 మళ్ళీ ఐమూలగా. 7 దగ్గర మళ్ళీ అడ్డు, మళ్ళీ రెండు గడులు. చివరికి ఇలా వస్తుంది:

4 9 2
3 5 7
8 1 6

అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎటు కూడినా 15. స్కూల్లో మాయా చదరం అని మనమందరం చేసిందే. కానీ నేను ఆ అంకెలు వేస్తుంటే నా చెయ్యి కింద నుంచి పైకి, పైనుంచి పక్కకి, పక్క నుంచి మూలకి గెంతుతోంది. ఒకటి తరవాత రెండు. రెండు తరవాత మూడు. పీట మీద రాగిరేకు, దాని మీద తాతగారి చెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకి వచ్చాయి. పెన్సిలు కింద పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆవిడ నా దగ్గరికి వచ్చి ఏమైందని అడగలేదు, తొందరపెట్టలేదు. అందుకు ఆవిడకి ఋణపడి ఉంటాను.

ఇదే సూత్రంతో వరసకి 5 గడుల చదరం కూడా కట్టించారు. 25 అంకెలు. మొదటివరస 11, 24, 7, 20, 3 అని దానంతటదే వచ్చి కూర్చుంది. అది కుజుడి చదరం, ఎటు కూడినా 65. ఒకాయనకి ఒక వరస 64 వచ్చింది. ఎక్కడ తప్పిందో ఆవిడ చెప్పలేదు. ‘కూడుకుంటూ రండి, అదే దొరుకుతుంది’ అన్నారు. దొరికింది. ‘కూడకుండా గీత గియ్యకండి’ అని ఆ రోజు కనీసం ఐదారుసార్లు అని ఉంటారు. లెక్కలు సరిచూసి జీతం తీసుకునే దాన్ని కాబట్టి ఆ మాట నా మనసుకి బాగా పట్టింది.

ఈ చదరాలు ఐరోపాలో అందరికీ తెలిసింది కొర్నేలియస్ అగ్రిప్పా అనే జర్మన్ పండితుడి వల్ల. మంత్రశాస్త్రం మీద ఆయన రాసిన మూడు భాగాల గ్రంథం 1533లో పూర్తిగా అచ్చయింది. రెండో భాగం 22వ అధ్యాయంలో ఏడు గ్రహాలకీ ఏడు చదరాలు ఇచ్చారు. శనికి 3 గడులు, గురువుకి 4, కుజుడికి 5, రవికి 6, శుక్రుడికి 7, బుధుడికి 8, చంద్రుడికి 9. వరస మొత్తాలు 15, 34, 65, 111, 175, 260, 369. ఒక్క గడి చదరంలో చేసేదేమీ లేదు, రెండు గడులది అసలు కుదరదు. కుదిరేవాటిలో మొదటిది 3. దాన్ని అన్నిటికంటే పైన, అన్నిటికంటే మెల్లగా నడిచే శనికి ఇచ్చి, కిందికి దిగుతూ చంద్రుడికి 9 ఇచ్చారు.

ఆవిడ బోర్డు మీద ఆ వరస రాస్తుంటే నా నోట్లోంచి ‘హోర’ అని వచ్చేసింది. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. మన పంచాంగంలో హోరల వరస, అంటే రోజులో ఒక్కో గంటనీ ఏలే గ్రహాల వరస, ఇదే గదా! శనివారం సూర్యోదయానికి శనిహోరతో మొదలుపెట్టి 24 హోరలు లెక్కపెడితే, 25వది రవిది. అది ఆదివారం. వారాల పేర్లు అలాగే వచ్చాయి. వాళ్ళకీ హోరలున్నాయి, ముద్ర గియ్యడానికి ఆ గ్రహపు హోరనే చూస్తారు. పగటిని 12 భాగాలు చేస్తారు. డిసెంబరులో లండన్‌లో పొద్దు 7:50కి పొడిచి, 4 గంటల లోపే గుంకుతుంది. పగలు మొత్తం 8 గంటలు, ఒక హోర 40 నిమిషాలు. శనివారం 8వ హోర మళ్ళీ శనిది. లెక్క వేస్తే 12:30 నుంచి 1:10 వరకు. అందుకే భోజనం 1:10 తరవాత అన్నారు. ఆకలి వేసినా ఎవరూ నొచ్చుకోలేదు. ఏ పని ఎందుకు ఏ వేళకి చేస్తున్నామో ముందే లెక్క వేయించి చెప్పారు కాబట్టి.

ఇక ముద్ర. ముందు ఒక మాట ఎంచుకోవాలి, అది ఆ గ్రహానికి తగ్గదై ఉండాలి. నేను ఓర్పు అనుకున్నాను. క్లాసంతా ఇంగ్లీషులో చేశాం కాబట్టి ‘పేషెన్స్’. ఇంగ్లీషు అక్షరాలకి 1 నుంచి 9 దాకా వరసగా అంకెలిచ్చి, అయిపోతే మళ్ళీ 1 నుంచి మొదలుపెడతారు. పి 7, ఏ 1, టి 2, ఐ 9, ఇ 5, ఎన్ 5, సి 3, ఇ 5. చదరం మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, 7 ఉన్న గడిలో చిన్న సున్న చుట్టి గీత మొదలుపెట్టాలి. 7 నుంచి కిందికి 1, అక్కడి నుంచి పైకి కుడిమూలకి 2, పక్కకి 9, కిందికి నడుమ 5. 5 రెండుసార్లు వచ్చింది కాబట్టి అక్కడ గీత ఆపకుండా ఒక చిన్న మెలిక తిప్పాలి. తరవాత ఎడమకి 3, మళ్ళీ వెనక్కి 5. చివర ఒక అడ్డగీతతో ముగింపు. అప్పుడు కాగితం పైకెత్తితే అంకెలు, గడులు కింద ఉండిపోతాయి, గీత ఒక్కటే చేతికి వస్తుంది. ఆ కాగితం పైకి లేచే క్షణం నాకు చాలా ఇష్టమైంది. మాట పోయి ఆకారం మిగిలింది. నాది చూస్తే ఒక పక్కకి వాలిన గాలిపటంలా, దాని తోక లోపలికి ముడుచుకున్నట్టు ఉంది.

ఆ 40 నిమిషాలు గదిలో ఒక్క మాట లేదు. హీటరు చప్పుడు, కాగితాల చప్పుడు, అంతే. శని ముద్రని సీసపు రేకు మీద చెక్కమని అగ్రిప్పా రాశారు. కానీ ఆవిడ సీసం ముట్టుకోనివ్వలేదు. అది విషం, చేతులకంటి ఒంట్లోకి పోతుందని చెప్పి నల్ల అట్టలు, వెండిరంగు పెన్నులు ఇచ్చారు. సంప్రదాయం పేరు చెప్పి జనం చేతుల్లో సీసం పెట్టకపోవడం మంచి పని.

1:10 తరవాత పులిహోర డబ్బా తెరవకముందే అమ్మకి ఫోన్ చేశాను. పాలకొల్లులో అప్పుడు సాయంత్రం 6:45 దాటింది.

‘అమ్మా, దేవుడి గూట్లో తాతగారి రేకులున్నాయి కదా. సూర్యుడిది తీసి అంకెలు చదువు.’

‘ఇప్పుడా? దీపం పెట్టబోతున్నానే.’

‘ఒక్క నిమిషం అమ్మా, ప్లీజ్.’

కళ్ళజోడు వెతుక్కుంది, రేకుకి అంటిన కుంకం చీరకొంగుతో తుడిచింది. ఫోన్లో అన్నీ వినిపిస్తున్నాయి. ‘పైవరస ఆరు, ఒకటి, ఎనిమిది. తరవాత ఏడు, అయిదు, మూడు. కింద రెండు, తొమ్మిది, నాలుగు.’

నేను రాసుకున్నాను. పక్కన నా చదరం ఉంది. రెండిటినీ కాసేపు మార్చి మార్చి చూసి, నా కాగితాన్ని బల్ల మీదే తలకిందులుగా తిప్పాను. 6 ఉన్నచోట 6, 1 ఉన్నచోట 1, 8 ఉన్నచోట 8. తొమ్మిది గడులూ సరిపోయాయి. వాళ్ళ శని చదరాన్ని కిందిది పైకి తిప్పితే మా తాతగారి సూర్యయంత్రం.

‘అక్కడ అది ఏ గ్రహానిదంటున్నారే?’ అని అడిగింది అమ్మ.

‘శనిది అంటున్నారమ్మా.’

‘సూర్యుడిది గదే. శని ఆయన కొడుకు.’ ఒక్క క్షణం ఆగి, ‘పోనీలే, తండ్రిది కొడుక్కి వెళ్ళింది’ అని దీపం పెట్టుకోడానికి వెళ్ళిపోయింది.

మన నవగ్రహ యంత్రాలు తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాకపోవచ్చు, నేను మాత్రం ఆ రోజే పక్కపక్కన పెట్టి చూశాను. మన దగ్గర తొమ్మిది గ్రహాలకీ 3 గడుల చదరమే. సూర్యుడికి 1 నుంచి 9 దాకా అంకెలు, మొత్తం 15. చంద్రుడికి ప్రతి గడిలోనూ ఒకటి పెంచి 2 నుంచి 10 దాకా, మొత్తం 18. కుజుడికి 21, బుధుడికి 24, గురువుకి 27, శుక్రుడికి 30, శనికి 33, రాహువుకి 36, కేతువుకి 39. వారాల వరసలో వెళ్ళి, చివర ఛాయాగ్రహాలు. అంటే మనవాళ్ళు చదరాన్ని మార్చకుండా మొదటి అంకెని మార్చారు. వాళ్ళు మొదటి అంకెని 1 దగ్గరే ఉంచి చదరాన్ని పెంచారు. 15 ఒక్కటే రెండు చోట్లా ఉంది, ఒకచోట తండ్రి దగ్గర, ఒకచోట కొడుకు దగ్గర.

భోజనం తరవాత ఈ సంగతి చెప్పగానే ఆవిడ బోర్డంతా తుడిచేసి, నన్ను ముందుకి పిలిచి రాయమన్నారు. రాశాను. పది నిమిషాలు దాని మీదే మాట్లాడారు, తన నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. మంచి టీచరని చెప్పడానికి నాకు ఇంకేమీ అక్కర్లేదు. అయితే అది నేను చెబితే వచ్చింది. ఆవిడ చెప్పిన చరిత్రలో నదిలోంచి వచ్చిన తాబేలు వీపు మీద ఈ చదరం కనిపించిందనే చైనా కథ ఉంది, అగ్రిప్పా కంటే ముందే ఈ విద్య అరబ్బుల దగ్గర ఉందనే మాట ఉంది, భారతదేశం మాత్రం లేదు. మన గణితజ్ఞుడు నారాయణ పండితుడు 1356లోనే మాయా చదరాల మీద ఒక అధ్యాయమంతా రాసి దానికి భద్రగణితం అని పేరు పెట్టాడు. ఖజురహోలో పార్శ్వనాథ ఆలయం మీద 34 వచ్చే 4 గడుల చదరం చెక్కి ఉంది. ఒక్క రెండు నిమిషాలు వీటికీ ఇచ్చి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం పూట నాకు బాగా నచ్చింది పేర్ల లెక్క. అగ్రిప్పా ప్రతి గ్రహానికీ ఒక మంచి శక్తి పేరు, ఒక ఉగ్రశక్తి పేరు ఇచ్చారు. శనికి అగియేల్, జాజేల్. హీబ్రూలో అక్షరాలకే అంకెల విలువలుంటాయి. అగియేల్ అంటే 1, 3, 10, 1, 30. కూడితే 45. జాజేల్ 7, 1, 7, 30. అదీ 45. శని చదరంలో 9 గడులూ కలిపి ఎంత? 45. ఆ పేర్లు చదరం లోంచే పుట్టాయన్నమాట. గురువు పేరు యోఫియేల్ అక్షరాలు కూడితే 136, గురు చదరం మొత్తమూ 136. కాలిక్యులేటర్ లేకుండా కూడించారు. చివరి అంకె తగిలేసరికి ముందు బల్ల దగ్గరున్న అమ్మాయి ‘ఓహ్’ అని గట్టిగా అనేసింది. పేరు లెక్క కుదిరాకే దాన్ని గీత చేశారని నాకు అప్పుడు తెలిసింది. ఏ మాటనైనా పట్టుకొచ్చి నాలుగు గీతలు గీసి సిగిల్ అనేసే ఉచిత యాప్‌ల మీద నాకు అప్పటిదాకా ఉన్న కాస్త మోజు అక్కడితో పోయింది.

ఇప్పుడు ఫిర్యాదు. 3 గంటలకి అచ్చువేసిన పుస్తకంలాంటి కాగితాల బొత్తి ఇచ్చారు. ఏడు చదరాలూ, కింద ఖాళీ ట్రేసింగ్ కాగితాలూ. ఇంటికి తీసుకెళ్ళి వాడుకోమని. అలవాటు కొద్దీ నేను ఒక్కో చదరం కూడుకుంటూ వచ్చాను. రవి చదరం, 6 గడులది, నాలుగో వరస దగ్గర ఆగిపోయాను. 18, 20, 22, 21, 17, 12. కూడితే 110. రావాల్సింది 111. చివరి నిలువు కూడా 110. చూస్తే దాని కింద వరసలో కూడా చివర 12 ఉంది. ఒకదాని కింద ఒకటి రెండు 12లు, చదరం మొత్తం వెతికినా 13 లేదు. పైన ఉన్న 12 చోట 13 పడాలి. అచ్చుతప్పు.

చిన్న తప్పే అనిపించొచ్చు. కాని రవి చదరం మీద 13 మీదుగా వెళ్ళే గీత గియ్యాలనుకున్నవాళ్ళకి ఆ గడే ఉండదు. 12 అనుకున్నవాళ్ళకి రెండు గడులుంటాయి, ఏది ఎంచుకుంటే ఆ ఆకారం. పొద్దుటినుంచి ‘కూడకుండా గియ్యకండి’ అని చెప్పిన క్లాసులో, కూడకుండా అచ్చువేసిన కాగితాన్ని చేతికివ్వడం నాకు కష్టంగా అనిపించింది. టీచరుకి చూపిస్తే ఆవిడ ముఖం వాడిపోయింది. ఆ బొత్తి తాను తయారుచేసింది కాదట, నిర్వాహకులు ఎక్కడినుంచో తెచ్చి అచ్చువేయించారట. వెంటనే అందరినీ ఆపి దిద్దించబోయారు, కాని అప్పటికే కొందరు రైలుకి వేళవుతోందని వెళ్ళిపోయారు. దిద్దిన పేజీ అందరికీ ఈమెయిల్‌లో పంపుతామని నిర్వాహకులు చెప్పారు. ఐదు వారాలైంది. రెండుసార్లు గుర్తు చేశాను. ఒకసారి ‘చూస్తున్నాం’ అని జవాబు వచ్చింది, ఇంకోసారి అదీ రాలేదు.

పక్కన ఒక బల్ల మీద తయారుగా చేసిన లాకెట్లు కూడా అమ్మారు, ఒక్కొక్కటి 25 పౌండ్లు. వాటి మీద ముద్ర ఎవరి మాటది, ఏ లెక్కది అని అడిగితే అమ్మే అబ్బాయి చెప్పలేకపోయాడు. అవి కొనకండి. మీ చేత్తో గీసుకున్న నల్ల అట్ట ముక్క దానికంటే మేలు.

తెలుగువాళ్ళకి పనికొచ్చే ఒక సంగతి. ఇంగ్లీషు అక్షరాల లెక్కనే పురాతన పద్ధతి అన్నట్టుగా బొత్తిలో రాశారు. టీచరు మాత్రం నిజం చెప్పారు, అగ్రిప్పా వాడింది హీబ్రూ విలువలు, మీ భాషకి సొంత లెక్క ఉంటే దాన్ని వాడండి అన్నారు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నదాన్ని, మేళకర్త రాగాల కోసం కటపయాది, అంటే అక్షరాలకి అంకెలిచ్చే మన పాత లెక్క, కంఠతా పట్టినదాన్ని. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిప్పి చదివితే 29వ మేళం. మర్నాడు ఆదివారం ఇంట్లో కూర్చుని ఓర్పుకి దగ్గరగా ఉండే తెలుగు మాటలు లెక్క వేశాను. కటపయాదిలో న సున్నా, అచ్చులూ సున్నాలే, చదరంలో సున్నాకి గడి లేదు. నిలకడ, సహనం, ఓపిక అలా తప్పుకున్నాయి. పట్టుదల కుదిరింది. ప 1, ట 1, ద 8, ల 3. చదరంలో అడుగువరస మధ్యలో మెలిక, ఎడమమూలకి ఒక గీత, అక్కడి నుంచి పైకి ఒక గీత. అంతే, గోడ మూల ఒకటి కట్టినట్టు. కటపయాది అంకెలు కుడినుంచి ఎడమకి చదవాలి కదా అని తిప్పి కూడా గీశాను. దారి అదే, మొదలు సున్నా, చివరి అడ్డగీత మాత్రం చోట్లు మార్చుకున్నాయి. ఇంగ్లీషు గాలిపటం కంటే నాకు ఈ మూల బాగుంది. ఆఫీసు డైరీలో మొదటి పేజీకి అంటించుకున్నాను. రోజూ పొద్దున డైరీ తెరిచి ఒకసారి దాని మీద వేలు పెట్టి గీత వెంబడి నడిపిస్తాను. 1, 1, 8, 3. ఏడాది ముగింపు లెక్కల టెన్షన్‌లో కూడా అది మానలేదు.

వెళ్ళాలా అంటే, అంకెలంటే విసుగున్నవాళ్ళు వెళ్ళొద్దు, పొద్దుటి రెండు గంటలు భారమవుతాయి. ఇంట్లో యంత్రాలు ఉన్నవాళ్ళు, పంచాంగం చూసే అలవాటున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. వెళ్ళే ముందు మీ ఇంటి రేకు మీది అంకెలు ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. సొంత గళ్ళ పుస్తకం, స్కేలు ఉంటే మంచిది. హాలు రెండో అంతస్తు, లిఫ్టు లేదు, పెద్దవాళ్ళు చూసుకోవాలి. 5కి 4 ఇస్తాను, పోయిన ఆ ఒకటి రవి చదరానిది. గురు చదరం క్లాసుకి కూడా పేరు ఇచ్చాను, 1514లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ తన చెక్కడంలో అడుగువరసలో ఆ ఏడాదినే ఇమిడ్చిన 4 గడుల చదరంతో మొదలుపెడతారట.

నిర్వాహకులు ఇది చదివితే ఒక్క మాట. 11 మందిలో ఆ కాగితం నా ముందు దిద్దుకున్నది నేను కాక నలుగురు. మిగిలిన ఆరుగురి ఇళ్ళలో రవి చదరం ఇంకా 110 దగ్గరే ఉంది. నాలుగో వరస, చివరి గడి, 13. ఒక్క పేజీ, దయచేసి పంపండి.